జ్ఞాపకశక్తికి క్యాప్సూల్స్ వాడినవాళ్ళున్నారా? ఉన్నదున్నట్టు చెప్పండి

అశోక్‌నగర్ అద్దెగది:

నా వయసు 29. గ్రూప్-2కి ఇది మూడోసారి. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటే భోజనానికీ టీకీ తప్ప లేవను, రాత్రి ఎనిమిదిన్నర దాకా చదువుతూనే ఉంటాను, అయినా పదిహేను రోజుల కిందట చదివింది ఇవాళ ఎవరైనా అడిగితే తెల్లమొహం వేస్తున్నాను. మొన్న మాక్ టెస్టులో మోటుపల్లి శాసనం ఎవరు వేయించారని వచ్చింది. అది పుస్తకంలో ఎడమ పేజీలో కింద ఉందని గుర్తుంది, దాని మీద పచ్చ హైలైటర్ గీశానని గుర్తుంది, 1244 అని కూడా గుర్తుంది, రాజు పేరు మాత్రం రాలేదు. రుద్రమదేవి అని పెట్టేసి బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే గణపతిదేవుడని తట్టింది. పేపరుకి ఇలాంటివి పది పన్నెండు పోతున్నాయి.

నెలన్నర కిందట రూమ్మేట్ చెప్పాడని ఆన్‌లైన్లో ఒక మెమరీ క్యాప్సూల్స్ డబ్బా తెప్పించాను. అరవై క్యాప్సూల్స్, 1,299 రూపాయలు, రోజుకి రెండు. బ్రాహ్మి, జింకో (ఒక చెట్టు ఆకుల సారం), అశ్వగంధ, ఎల్-థియానిన్ ఉన్నాయని రాశారు, ఏది ఎంతో రాయలేదు, అన్నీ కలిపి 750 మిల్లీగ్రాములట. మొదటి వారం అబ్బో అనిపించింది, పాలిటీ రెండు చాప్టర్లు ఒక్క రోజులో లాగేశాను. రెండో వారం నుంచి మళ్ళీ మామూలే. పైగా కడుపులో తిప్పుతోంది. నాకు ముందే గ్యాస్ ట్రబుల్, మెస్ తిండి పుణ్యమా అని ఏడాదిన్నరగా పొద్దున్నే గ్యాస్ టాబ్లెట్ పడితేగానీ రోజు మొదలవదు. ఇప్పుడు రెండో డబ్బా సగంలో ఉంది, ఆపాలో కొనసాగించాలో తెలియట్లేదు.

లైబ్రరీలో ఒకతను మొడాఫినిల్ వాడమంటున్నాడు, ఇంకొకతను పిరాసిటమ్ అంటున్నాడు. అమ్మేమో సరస్వతి ఆకు తేనెలో నూరి తినమంటోంది. (మాది శాకాహారం, ఇంట్లో గుడ్డు కూడా రాదు, కాబట్టి చేపనూనె మాట ఎత్తకండి.) నిజంగా వాడినవాళ్ళు మాత్రమే చెప్పండి. ధ్యానం చెయ్యి బ్రదర్ అనేవాళ్ళకి ముందే దండం.


వసపిట్ట:

చిన్నప్పుడు మా అమ్మమ్మ నాకు వస కాస్త ఎక్కువే పోసింది. జ్ఞాపకశక్తి రాలేదుగానీ నోరు మాత్రం ఇంతవరకూ మూతపడలేదు. నా అనుభవం అంతే, నమస్కారం.


బెజవాడ బ్యాలెన్స్‌షీట్:

నేను సీఏ ఇంటర్ రెండోసారి రాసేటప్పుడు నాలుగు నెలలు బ్రాహ్మి వాడాను, అదొక్కటే, వేరేది కలపకుండా. కాబట్టి కొంచెం చెప్పగలను.

ముందు పేరు గొడవ. బ్రాహ్మి పేరుతో రెండు మొక్కలు చలామణీలో ఉన్నాయి. నేల మీద పాకుతూ గుండ్రటి ఆకులుండేది మన ఇళ్ళలో సరస్వతి ఆకు అనేది, మండూకపర్ణి అంటారు. మీ అమ్మగారు చెప్పేది బహుశా అదే. రెండోది నీటి బ్రాహ్మి, బకోపా అని లేబుల్ మీద ఉంటే ఇదే, చిన్న చిన్న దళసరి ఆకులు, తడి నేలల్లో పెరుగుతుంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థవాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేసింది దీని మీదే. మనుషుల మీద చేసిన పరీక్షల్లో ఎక్కువగా రోజుకి 300 మిల్లీగ్రాముల సారం, 12 వారాల పాటు ఇచ్చి చూశారు. అంటే మొదటి వారంలో నీకు అబ్బో అనిపించింది బ్రాహ్మి వల్ల కాదు తమ్ముడూ, అది 1,299 పెట్టిన ఉత్సాహం. నాకూ వచ్చింది, తిట్టుకోకు.

నేనేం చేశానంటే, లెక్కల మనిషిని కదా, ప్రతి ఆదివారం కంపెనీ చట్టంలోంచి కొత్త సెక్షన్లు ముప్పై తీసుకుని, నంబరూ విషయమూ రెండుసార్లు చదివి, బుధవారం చూడకుండా తెల్లకాగితం మీద రాసుకునేవాణ్ణి. మొదలుపెట్టకముందు మూడు వారాలు ఇలా చేస్తే 14, 13, 15 వచ్చాయి. మూడు నెలల తర్వాత 17, 18 దాకా వచ్చింది. పనిచేసిందని ఎగిరి గంతేశాను. పరీక్షలయ్యాక బ్రాహ్మి మానేసి, ఊరికే సరదాకి అదే ఆట ఇంకో రెండు నెలలు ఆడాను. అప్పుడూ 17, 18. కనుక అది బ్రాహ్మి మహిమో, వారం వారం తెల్లకాగితం మీద రాయడం అలవాటైన మహిమో నేను ఒట్టేసి చెప్పలేను.

కడుపు తిప్పడం, విరేచనాలు ఎక్కువసార్లు కావడం దీనితో మామూలే. పరగడుపున వేసుకుంటే ఇంకా ఎక్కువ. భోజనం మధ్యలో వేసుకుంటే నాకు తగ్గింది. ఇంకో విషయం ఎవరూ చెప్పరు, నాకు కాస్త మందకొడిగా అయింది, టెన్షన్ తగ్గిందనుకో, కానీ దానితోపాటు పరుగు కూడా తగ్గింది. నీ డబ్బాలో అన్నీ కలిపి 750 అంటే బ్రాహ్మి 300 ఉందో 30 ఉందో ఆ కంపెనీవాడికే తెలియాలి.


రాత్రి డ్యూటీ:

మొడాఫినిల్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఆ తప్పు చేసినవాణ్ణి. డాలస్‌లో ఉంటాను, అప్పట్లో హైదరాబాద్‌లో అమెరికా షిఫ్టు చేసేవాణ్ణి. పొద్దున పడుకుని సాయంత్రం క్లౌడ్ సర్టిఫికేషన్‌కి చదవాలి. టీమ్‌లో ఒకతను ఒక స్ట్రిప్ ఇచ్చాడు, 200 మిల్లీగ్రాములు. అది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, నార్కోలెప్సీ అని పట్టపగలు ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయే జబ్బుకి ఇస్తారు. అవన్నీ తర్వాత చదువుకున్నాను.

పనిచేసిందా అంటే, మెలకువ వరకు భేషుగ్గా పనిచేసింది. కానీ దాని తిక్క ఏమిటంటే నీ ముందు ఏముంటే దాని మీద కూర్చోబెడుతుంది. మొదటి రోజు చదువుదామని లాప్‌టాప్ తెరిచాను, నోట్సు ఫైల్లో హెడింగులన్నీ ఒక్క తీరుగా లేవనిపించింది. ఆరు గంటలు. నిజంగా ఆరు గంటలు ఫాంటు మారుస్తూ, రంగులు వేస్తూ కూర్చున్నాను, భోజనం మాట గుర్తే లేదు. చాప్టరు ఒక్కటి కూడా కదల్లేదు, నోట్సు మాత్రం పెళ్ళిపత్రికలా తయారైంది. ఆ పైన తలనొప్పి, మర్నాడు పడుకోవాల్సిన టైముకి కళ్ళు మూస్తే లోపల ట్యూబులైటు వెలుగుతున్నట్టు. పది రోజుల్లో నేను నిద్రపోయింది ఎంతో లెక్కేస్తే రోజుకి నాలుగు గంటలు కూడా లేదు. చదివింది లోపల కుదురుకునేది నిద్రలోనే కదా, అదే తీసేశాక ఇంకేం మిగులుతుంది. సర్టిఫికేషన్ పోయింది, అది వేరే కథ.

అరుదే అయినా ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు వచ్చే అవకాశముంది, గర్భనిరోధక మాత్రలు వేసుకునే ఆడవాళ్ళకి వాటి పనితనం తగ్గిస్తుంది. ఇవి స్ట్రిప్ ఇచ్చినవాడు చెప్పడు.

పిరాసిటమ్ వాడలేదు, దాని కథ మాత్రం తెలుసు. 1964లో బెల్జియంలో కొర్నేలియు జుర్జియా అనే ఆయన తయారుచేశాడు, నూట్రోపిక్ (మెదడుకి పదును పెట్టే మందు) అనే మాట కూడా ఆయనే 1972లో పుట్టించాడు. ఈ బజారంతటికీ మూలపురుషుడన్నమాట. ఇన్నేళ్ళయినా ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి దానివల్ల జ్ఞాపకం పెరుగుతుందని గట్టిగా తేలలేదు, అమెరికాలో మందుగా అనుమతే లేదు. మన దగ్గర పక్షవాతం వచ్చినవాళ్ళకి డాక్టర్లు రాయడం చూశాను.

నీ డబ్బాలో ఎల్-థియానిన్ అన్నావు, అది టీ ఆకులో ఉండేదే. కెఫీన్ వంద మిల్లీగ్రాములు, థియానిన్ రెండొందలు కలిపి వేసుకుంటే నాకు చేతులు వణకకుండా రెండు మూడు గంటలు బాగా సాగుతుంది, ఇప్పటికీ అప్పుడప్పుడు వాడతాను. అది జ్ఞాపకశక్తి కాదు, కుదురు. రెండూ వేరు. ఇంతకీ నువ్వు ఆఖరి టీ ఎన్నింటికి తాగుతున్నావు?


అశోక్‌నగర్ అద్దెగది:

రాత్రి తొమ్మిదిన్నరకి. లైబ్రరీ నుంచి వచ్చేదారిలో అందరం నిలబడేది అక్కడే. రోజుకి ఐదారు అవుతాయి.


మందుల కొట్టు:

గుంటూరులో పదహారేళ్ళుగా మెడికల్ షాపు. పైవాళ్ళు డబ్బా గురించి మాట్లాడుతున్నారు, నాకు మాత్రం నీ ప్రశ్నలో రెండు ముక్కలు కళ్ళలో పొడిచినట్టు కనపడ్డాయి. ఒకటి, గుడ్డు కూడా తినవు. రెండు, ఏడాదిన్నరగా రోజూ గ్యాస్ మాత్ర.

బి12 విటమిన్ మొక్కల్లో ఉండదు. మాంసం, చేప, గుడ్డు, పాలు, అంతే. మెస్సులో నీకు దొరికే పాలెంత, మజ్జిగ పేరుతో పోసే తెల్లనీళ్ళెంత? ఆ వచ్చే కాస్తా ఆహారంలో ప్రోటీన్‌కి అతుక్కుని ఉంటుంది, దాన్ని విడదీయడానికి కడుపులో యాసిడ్ కావాలి. నువ్వు పొద్దున్నే వేసుకునే పాంటోప్రజోల్ లాంటి మాత్ర పనే ఆ యాసిడ్ తగ్గించడం. వచ్చేదే తక్కువ, దానికీ గేటు వేశావు. బి12 బాగా తగ్గితే మరుపు, నీరసం, చిరాకు, కాళ్ళల్లో తిమ్మిర్లు, నాలుక మంట. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో కూడా ఇది చూస్తుంటాం.

పాదాలు తిమ్మిరెక్కుతున్నాయా? కూర్చుని లేచినప్పుడు కాదు, ఊరికే పడుకున్నప్పుడు.

రక్తపరీక్ష చేయించు. బి12, దానితోపాటు థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్. ఈ మూడూ కలిపినా నీ రెండు డబ్బాల ఖర్చు దాటదు. ముఖ్యమైన మాట, పరీక్షకి ముందు నా లాంటి కొట్టుకి వెళ్ళి బి-కాంప్లెక్స్ కొని మింగకు, అంకె పైకి చూపించి అసలు సంగతి మరుగున పడుతుంది. గ్యాస్ మాత్ర కూడా నీ అంతట నువ్వు ఠక్కున ఆపకు, యాసిడ్ ఒక్కసారిగా తన్నుకొస్తుంది, డాక్టర్నడిగి తగ్గించుకో.

జింకో విషయం కూడా చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే మతిమరుపు పోతుందని ఈ డబ్బా వాళ్ళకి పెట్టొద్దు, రక్తస్రావం భయం ఉంది. నీ డబ్బా వెనక చిన్నక్షరాల్లో చూడు, వైద్య అవసరాలకు కాదు అని ఇంగ్లీషులో ఉంటుంది. అలా రాయాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన. ముందువైపు మెదడు బొమ్మ, వెనకవైపు ఆ మాట. నేనూ అమ్ముతాను, అమ్మనని చెప్పను, అడిగినవాళ్ళకి మాత్రం ఇదే చెప్తాను.


బెజవాడ బ్యాలెన్స్‌షీట్:

అన్నా, మీ మాట కాదనట్లేదుగానీ ఈమధ్య ఎవరికి ఏమొచ్చినా బి12 అనడం అలవాటైపోయింది. నాది 410 ఉంది, నేనూ మరిచిపోతాను. నిన్న హెల్మెట్ పెట్టుకునే హెల్మెట్ కోసం వెతికాను.


మందుల కొట్టు:

410 ఉన్న నిన్ను నేనేమన్నా అన్నానా? గుడ్డు తినక, ఏడాదిన్నర గ్యాస్ మాత్ర మింగినవాణ్ణి అడిగాను.


అశోక్‌నగర్ అద్దెగది:

అన్నా, తిమ్మిర్లు ఉన్నాయి. రాత్రిళ్ళు పాదాల కింద చీమలు పాకినట్టు. నేల మీద చాప వేసుకుని పడుకుంటాను, దానివల్లేమో అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. రేపే చేయిస్తాను.


లెక్కల టీచరమ్మ:

నాకు 53, ఖమ్మం జిల్లాలో హైస్కూల్లో చెప్తాను. మా నాన్నగారు చివరి నాలుగేళ్ళు మమ్మల్ని గుర్తుపట్టలేదు. నేను ఒకసారి క్లాసులో తొమ్మిదో తరగతి పిల్లవాడి పేరు మరిచిపోయి భయపడిపోయి జింకో మొదలుపెట్టాను, ఎనిమిది నెలలు. మా అబ్బాయి వెతికి అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్ష గురించి చదివి వినిపించాడు. 75 ఏళ్ళు, ఆ పైన ఉన్నవాళ్ళు మూడు వేల పైచిలుకు మంది, రోజుకి రెండుసార్లు 120 మిల్లీగ్రాములు, సగటున ఆరేళ్ళు. 2008లో ఫలితం వచ్చింది, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళకీ జింకో వేసుకున్నవాళ్ళకీ మతిమరుపు జబ్బు రావడంలో తేడా లేదు. ఆ రోజే ఆపేశాను. నాకు తేలిందేమిటంటే దుమ్ము ఎలర్జీకి రాత్రిపూట వేసుకునే జలుబు మాత్ర మత్తు పొద్దున పదకొండు దాకా దిగట్లేదని. డాక్టరు అది మార్చాక తల తేలికైంది. పిల్లల పేర్లు ఇప్పటికీ మరిచిపోతాను, అది వేరు, ఏటా నూట ఎనభై మంది కొత్తవాళ్ళు వస్తే ఎవరికి గుర్తుంటాయి.

నీ సంగతికి వస్తాను నాయనా. ఎడమ పేజీ కింద, పచ్చ గీత అని రాశావు చూడు, అక్కడే నాకు దొరికిపోయావు. నీకు ఆ పేజీ గుర్తుంది. అంటే చూశావు, చాలాసార్లు చూశావు. కానీ పుస్తకం మూసి శాసనం వేయించింది ఎవరని నిన్ను నువ్వు అడుక్కున్నది ఎన్నిసార్లు? చూస్తే తెలిసినట్టుండడం వేరు, అడిగితే నోటికి రావడం వేరు. మా పిల్లలందరిదీ ఇదే గోల, టీచర్ ఐదుసార్లు చదివాను అంటారు. ఐదుసార్లు చదివావు, ఒక్కసారైనా చదవకుండా చెప్పావా అంటాను.

ఇది నా చాదస్తం కాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ పిల్లల మీద చేసి చూశారు. ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు, చదివాక కాగితం మూసి గుర్తున్నది రాసినవాళ్ళు. ఐదు నిమిషాలకు అడిగితే చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత అడిగితే తిరగబడింది, మూసి రాసినవాళ్ళు బాగా ముందున్నారు. నువ్వు సాయంత్రం లైబ్రరీలో లేచేటప్పుడు ఇవాళ బాగా వచ్చేసింది అనుకుంటావే, ఆ ఐదు నిమిషాల పైచేయి అది. పైన ఆ బెజవాడ అబ్బాయి బుధవారం తెల్లకాగితం అన్నాడు కదా, నన్నడిగితే అతనికి పెరిగిన మూడు మార్కులూ అందులోంచే వచ్చాయి.

పన్నెండు గంటలు కూర్చోకు. ఎనిమిది కూర్చో, అందులో మూడు గంటలు పుస్తకం మూసి కూర్చో. మూసినప్పుడు రానిదాన్ని మర్నాడు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి, పది రోజులకొకసారి అడుక్కో. కష్టంగా ఉంటుంది, నాకేం రావట్లేదని ఏడుపొస్తుంది, ఆ ఏడుపు మంచిదే.


రాత్రి డ్యూటీ:

మేడమ్, మీలాంటివాళ్ళు నాకు పదేళ్ళ కిందట దొరికుంటే ఆ ఫాంటు మార్చే ఆరు గంటలు మిగిలేవి.


అశోక్‌నగర్ అద్దెగది:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, మధ్యలో అడిగినవాళ్ళందరికీ సారీ.

బి12 రిపోర్టు 148. ల్యాబు కాగితంలో 200 కింద అంటే తక్కువ అని రాసుంది. థైరాయిడ్ బాగానే ఉంది, హిమోగ్లోబిన్ 12.1. డాక్టరు చూసి శాకాహారమా అని అడిగి, గ్యాస్ మాత్ర ఎన్నాళ్ళుగా అని అడిగి, మందుల కొట్టు అన్న చెప్పినదే చెప్పారు. ఇంజెక్షన్లు రాశారు, మొదట రోజు మార్చి రోజు, తర్వాత వారానికొకటి. గ్యాస్ మాత్ర మెల్లగా తగ్గిస్తున్నాం, మెస్సులో వేపుళ్ళు మానేస్తే సగం గొడవ తగ్గింది. క్యాప్సూల్స్ ఆపేశాను.

తిమ్మిర్లు బాగా తగ్గాయి. సాయంత్రం నాలుగింటికి వచ్చే ఆ నీరసం లేదు. జ్ఞాపకశక్తి పెరిగిందా అంటే నిజంగా చెప్పలేను, ఎందుకంటే అదే వారం నుంచి మేడమ్ చెప్పిన మూసి రాయడం మొదలుపెట్టాను, ఆఖరి టీ ఐదింటికి మార్చాను, పదకొండున్నరకి పడుకుంటున్నాను. అన్నీ ఒకేసారి చేసి పాడుచేశావు, ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుందని బెజవాడ అన్న తిడతాడని తెలుసు. మూసి రాయడం మొదటి వారం మాత్రం నరకం. కాకతీయుల మీద రెండు పేజీలు నిండుతాయనుకుంటే ఆరు లైన్లు వచ్చాయి. అంత చదివి ఆరు లైన్లా అని కాగితం చించేశాను. ఇప్పుడు పేజీ దాటుతోంది. మొన్నటి మాక్‌లో 11 పెరిగాయి. అయినా రాజ్యాంగంలో ఆర్టికల్ 148, 280, 315, 324 వరసగా పెడితే ఇప్పటికీ రెండు తారుమారు చేస్తున్నాను. 148 మాత్రం ఇక మరిచిపోను, నా బి12 అంకె అదే కదా, ఆ ఆర్టికల్‌లో ఉండే కాగ్‌ని (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే అధికారి) తలుచుకుంటే ఇంజెక్షన్ నొప్పి గుర్తొస్తోంది.

అమ్మకి ఫోన్లో చెప్తే, నేను చెప్పిన సరస్వతి ఆకు తినుంటే ఈ సూదులెందుకు అంది. పాలు మాత్రం రోజుకి అరలీటరు తాగమని డబ్బులు వేసింది.


లెక్కల టీచరమ్మ:

ఆ చించేసిన కాగితం దాచుకోవాల్సింది నాయనా. వచ్చేసారి చించకు, తేదీ వేసి పెట్టు. ఇంజెక్షన్లు మధ్యలో మానకు, బాగుందని మానేసేవాళ్ళే ఎక్కువ.


వసపిట్ట:

అంతా బాగుంది కానీ, ఆ మిగిలిన సగం డబ్బా ఎంతకిస్తావు?